రెండో అక్షరంలోనే ఉంది కిటుకు!

పాలకుర్తి ద్విపదకు, బమ్మెర పద్యానికి చెవే కొలబద్ద

పాలకుర్తికి, బమ్మెరకు నడుమ దూరం ఎంతో లేదు. కాలినడకన బయలుదేరినా పూటలోపల చేరుకోవచ్చు. ఒకటి పాల్కురికి సోమనాథుని ఊరు. రెండోది బమ్మెర పోతన ఊరు. 2016 అక్టోబరు 11న పాత వరంగల్లు జిల్లాను విడదీసినప్పుడు రెండూ జనగామ జిల్లాలోకి వచ్చాయి. సోమన 13వ శతాబ్దంవాడని ఎక్కువమంది పండితుల మాట. కాదు, కాకతి ప్రతాపరుద్రుని నాటివాడని మరికొందరి వాదం. పోతన 15వ శతాబ్దంవాడు. సోమన మాదని కన్నడిగులు, పోతన మాదని ఒంటిమిట్టవారు అన్న రోజులూ ఉన్నాయి. ఆ తగవు పండితులకు వదిలేద్దాం.

ఈ కవుల పేర్లు తెలియనివారు ఈ ప్రాంతంలో ఉండరు. గుడిలో, బడిలో, పెళ్లిపందిట్లో వారి ప్రస్తావన వస్తూనే ఉంటుంది. అయితే ఆ పద్యం ఎట్లా కట్టారు, ఎందుకు అట్లా కట్టారు అని అడిగితే మాత్రం 'అది పండితుల సంగతి' అని జనం తప్పుకుంటారు. పిల్లలకు అది పరీక్షలో గణవిభజన చేసి మార్కులు తెచ్చుకునే లెక్క. గురువుకు కొంకి గుర్తు, లఘువుకు నిలువు గీత పెట్టడంతో పని ముగుస్తుంది. పద్యాన్ని పైకి చదవకుండానే గుర్తులు పెట్టేసే పిల్లలు కూడా ఉన్నారు. నిజానికి ఈ లెక్క చూపుది కాదు, చెవిది. అక్షరం రాని వారి కోసమే సోమన దాన్ని ఎంచుకున్నాడు.

చిటికె లెక్క

చిటికె వేసినంతసేపు పలికే అక్షరం లఘువు. దానికి రెట్టింపు సేపు పట్టేది గురువు. 'చెరువు'లో మూడూ లఘువులే. 'చేను'లో చే గురువు, ను లఘువు. 'నిండు'లో సున్న తగిలింది కనుక నిం గురువు. 'ఎల్ల'లో వెనక ఒత్తు ఉంది కనుక ముందున్న ఎ గురువు. ఇంతవరకు వస్తే సగం ఛందస్సు వచ్చినట్లే.

ఈ గురులఘువుల గుంపులే గణాలు. ద్విపదలో పాదానికి నాలుగు గణాలు. మొదటి మూడూ ఇంద్రగణాలు, చివరిది సూర్యగణం. ఇంద్రగణాలు ఆరు రకాలు: నల, నగ, సల, భ, ర, త. ఒక్కొక్కటి పలకడానికి నాలుగు లేదా అయిదు చిటికెలు పడుతుంది. సూర్యగణాలు న, హ అని రెండే. రెంటికీ మూడేసి చిటికెలు. ఇట్లాంటి పాదాలు రెండు కలిస్తే ద్విపద. రెండు పాదాలది గనుకనే ఆ పేరు.

పుస్తకంలో చదివితే ఇది మింగుడు పడదు. ఉదాహరణకు ఇట్లా ఒక ద్విపద కట్టారనుకోండి:

చెరువు నిండిన యేడు చేలెల్ల పండు
కరువు దీరిన యూరు కథలెల్ల పాడు

విడదీస్తే మొదటి పాదం: చెరువునిం, డినయేడు, చేలెల్ల, పండు. రెండోది: కరువుదీ, రినయూరు, కథలెల్ల, పాడు. చిటికెలు వేసి చూడండి. అయిదు, అయిదు, అయిదు, మూడు. కింది పాదంలోనూ అంతే. ఒడ్డున కూచుని తొడమీద తాళం వేసినా సరిపోతుంది. నాట్లు వేస్తూ పాడుకున్నా వంగి లేచే ఊపుకు అందుతుంది. అన్ని ద్విపదలూ ఇంత నిక్కచ్చిగా అయిదేసి రావు. నాలుగు చిటికెల గణం పడ్డప్పుడు పాడేవారు ఒక అక్షరాన్ని సాగదీసి సరిచేస్తారు. ఆ సాగదీత తెలిసినవారే మంచి గాయకులు.

ఇక రెండో అక్షరం. పై పాదంలో చె తర్వాత రు ఉంది. కింది పాదంలో క తర్వాత రు ఉంది. ఇదే ప్రాస. ఇంగ్లీషు పాటల్లో అనుప్రాస పాదం చివర వస్తుంది. సినిమా పాటల్లోనూ ఎక్కువగా అంతే. తెలుగు పద్యంలో అది పాదం మొదట్లో, రెండో అక్షరం దగ్గర కూచుంటుంది. సంస్కృత శ్లోకానికి ఈ నిర్బంధం లేదు. కన్నడానికి ఉంది. తమిళులు దీన్నే ఎదుగై అంటారు. అంటే ఇది దక్షిణాది భాషల సొంత సొత్తు అన్నమాట. మన మాదిరి ద్విపదలో పండు, పాడు అని చివర కూడా డు కలిసింది. ద్విపదకు అది అక్కరలేదు. ఉంటే వన్నె, లేకుంటే లోటు లేదు.

మూడోది యతి. పాదం మొదటి అక్షరానికి, మూడో గణం మొదటి అక్షరానికి పొత్తు కుదరాలి. చెరువులోని చె, చేలెల్లలోని చే. కరువులోని క, కథలలోని క. ఇక్కడ అచ్చంగా అదే అక్షరం ఉండాలని లేదు, చుట్టరికం ఉంటే చాలు. చకారానికి, సకారానికి చుట్టరికం ఉంది. కకారానికి గకారం దాయాది. అచ్చుల్లోనూ ఇట్లాంటి కులగోత్రాల పట్టీ ఉంది. పెళ్లి సంబంధాలు కలిపే పెద్దలకు ఇది కష్టమైన సంగతేం కాదు.

ప్రాసను వదిలేసి యతిని మాత్రం పాటిస్తే దాన్ని మంజరీ ద్విపద అంటారు. పై మాదిరిలో రెండో పాదాన్ని 'పాడిపంటల యూరు పదములు పాడు' అని మార్చితే అది మంజరి. పల్నాటి వీరుల కథ, తాళ్లపాక తిమ్మక్క సుభద్రాకల్యాణం ఆ దారిలోవే.

మరచిన మాటను పట్టిచ్చే తాళంచెవి

ఈ కట్టుబాట్లు అలంకారానికే అనుకుంటే పొరపాటు. తాటాకు కొనలేనివాడు, చదవలేనివాడు కావ్యాన్ని ఎక్కడ దాచుకోవాలి? తలలోనే గదా.

కథ చెబుతున్న గాయకుడు పై ద్విపదలో రెండో పాదం మొదటి మాట మరిచిపోయాడనుకోండి. '... దీరిన యూరు కథలెల్ల పాడు' అన్నంతవరకే గుర్తుంది. చిటికెలు లెక్క చూస్తే మూడు లఘువుల మాట తగ్గింది. ప్రాస చెబుతోంది, రెండో అక్షరం రకారం కావాలని. అప్పుడు ఎరువు, పరువు, బరువు, కరువు అన్నీ బారులు తీరి నిలబడతాయి. వెంటనే యతి అడ్డుపడుతుంది. మూడో గణం 'కథ'తో మొదలైంది గనుక మొదటి అక్షరం క గాని, దాని దాయాది గాని కావాలి. ఎరువు, పరువు, బరువు పక్కకు తొలగుతాయి. మిగిలింది కరువు. 'గరువు' కూడా లెక్కకు సరిపోతుందని ఎవరైనా అడ్డువాదం తేవచ్చు. గరువు నేల ఏమిటో తెలిసిన రైతు 'గరువు దీరిన ఊరేమిటి' అని దాన్ని అక్కడే తోసేస్తాడు.

రాతప్రతులు సరిచూసే పండితులు చేసేదీ ఇదే పని. లేఖకుడు తాటాకు మీద ఒక అక్షరం తప్పు రాస్తే గణం తప్పుతుంది, లేదా యతి చెడుతుంది. అక్కడ ఏదో పొరపాటు ఉందని పద్యమే పట్టిస్తుంది. తెలుగు పుస్తకాల ప్రతులు సేకరించి సరిచూపించిన సి.పి. బ్రౌన్ 1827 నాటికే మద్రాసులో తెలుగు, సంస్కృత ఛందస్సుల మీద ఇంగ్లీషులో పుస్తకం అచ్చు వేయించాడు. భాష నేర్చుకునే దొరకు కూడా ముందుగా ఈ తాళంచెవి అవసరమైంది.

పండితుల చిన్నచూపు

నన్నయ నాటినుంచి పెద్ద కావ్యమంటే పద్యం, గద్యం కలిసిన చంపువు. చంపకమాల, ఉత్పలమాల వంటి వృత్తాలదే పెద్దపీట. కాకతీయుల తొలినాటి చరిత్ర చెప్పే జనగామ ప్రాంతపు గూడూరు శాసనంలో కూడా ఆ వృత్తాలే రాతికెక్కాయి. మహబూబాబాదు జిల్లా కురవిలోని వెయ్యేళ్లనాటి కొరవి శాసనం మటుకు వచనం. దానధర్మాలకు, రాజుల ముచ్చట్లకు వచనం, పొగడ్తకు వృత్తం. ద్విపద పాడుకునేవాళ్లది, ఆడవాళ్లది, పామరులది. దాంట్లో కావ్యం రాయడం పండితుడికి నామోషీ.

సోమనాథుడు పాండిత్యం తక్కువై ద్విపద పట్టలేదు. సంస్కృతం, కన్నడం చేతిలో ఉన్నవాడు. వృషాధిప శతకంలో చంపకమాల, ఉత్పలమాలలను అలవోకగా నడిపించాడు. అయినా బసవపురాణం ఏడు ఆశ్వాసాలూ, పండితారాధ్య చరిత్ర అయిదు ప్రకరణాలూ ద్విపదలోనే రాశాడు. కారణం దాచుకోలేదు. సంస్కృతం నిండిన గద్యపద్య రచన అందరికీ అందదు, జానుతెనుగు అయితే అందరికీ తేటగా ఉంటుందని తన కావ్యంలోనే చెప్పుకున్నాడు. శివభక్తుల కథలు చెప్పదలచింది అందరికీ. ఆ అందరిలో చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ ఉన్నారు. వారి కథలు వారికి వినిపించాలంటే వారి నోట ఆడే కొలతే కావాలి.

ఆ రోజుల్లో జనం పాడుకునే పాటల పేర్లు కూడా ఆయన రాసిపెట్టాడు. వెన్నెల పదాలు, గొబ్బి పదాలు, తుమ్మెద పదాలు, నివాళి పదాలు ఉండేవని మనకు తెలిసింది పండితారాధ్య చరిత్ర వల్లనే. ఆ పాటలు చాలామటుకు పోయాయి, పేర్లు మిగిలాయి. పండితులు పట్టించుకోని దాన్ని చెవిన వేసుకున్న కవి లేకుంటే ఆ పేర్లయినా మిగిలేవి కావు.

చిన్నచూపు చూసిన ద్విపద ఎంత దూరం పోయిందో చూడండి. భీమకవి 1369లో బసవపురాణాన్ని కన్నడంలోకి తీసుకుపోయాడు. వెల్చేరు నారాయణరావు, జీన్ రోఘైర్ చేసిన ఇంగ్లీషు అనువాదం 1990లో అమెరికాలో ప్రిన్‌స్టన్‌లో అచ్చయింది. తెలుగులో గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణం ద్విపదలోనే వెలసింది.

ఆరు 'కాదు'లు, ఒక్క 'అవును'

బమ్మెర సంగతి వేరు. పోతన భాగవతాన్ని పండితుల దారిలోనే, పద్యగద్యాలతోనే రాశాడు. అయినా అది పల్లెలో నిలిచింది. ఎందుకో తెలియాలంటే ఒక్క పద్యం విప్పి చూస్తే చాలు.

అష్టమ స్కంధంలో గజేంద్రమోక్షం. మొసలి నోట చిక్కిన ఏనుగు మొర విని విష్ణువు వైకుంఠం నుంచి బయలుదేరే ఘట్టం. లక్ష్మితో చెప్పకుండా వచ్చాడనే ఆ పద్యం ముసలివాళ్లకు ఎందరికో నోటికి వచ్చు. అది మత్తేభ వృత్తం. మత్తేభమంటే మదపుటేనుగు. పాదానికి 20 అక్షరాలు, నాలుగు పాదాలకు 80. యతి 14వ అక్షరం దగ్గర. మొదటి పాదం సిరిలోని సితో మొదలైతే 14వ అక్షరం చేదోయిలోని చే. సకారం, చకారం చుట్టాలని పైన చెప్పుకున్నాం గదా, ఇదుగో ఆ చుట్టరికం.

ప్రాస రకారం. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం అదే. దాన్ని పట్టడానికి పోతన ఒక ఒడుపు చేశాడు. 'అంతర' అనే మాటలో అం అన్న ముక్క రెండో పాదం చివర ఉంటుంది. తర మూడో పాదం మొదట్లో పడుతుంది. అప్పుడు ర రెండో అక్షరం అవుతుంది. 'ఉపరి' అనే మాటను మూడు, నాలుగు పాదాల నడుమ అట్లాగే విరిచాడు. దీంతో ప్రాస కుదిరింది. అంతకంటె ముఖ్యంగా, పాదం చివర ఆగడానికి చోటు లేకుండా పోయింది. మాట సగంలో ఉండగా ఎట్లా ఆగుతారు? చదివేవాడు ఊపిరి తీసుకోకుండా కింది పాదంలోకి దూకవలసిందే. విష్ణువు పరుగు చదివేవాడి ఊపిరికి అంటుకుంటుంది.

ఇక పునరుక్తి. ఆ పద్యంలో ఏముందో మామూలు మాటల్లో చెబితే ఇది: లక్ష్మికి చెప్పడు. శంఖచక్రాలు చేత పట్టడు. పరివారాన్ని పిలవడు. గరుత్మంతుణ్ణి సిద్ధం చేయడు. చెదిరిన జుట్టు సర్దుకోడు. సరసపు తగవులో పట్టుకున్న భార్య పైట చెంగును కూడా వదలడు. మొత్తం ఆరు 'కాదు'లు. ఆరింటికీ చివర ఒకే డు. అవి పడ్డ తీరు చూడండి. మొదటి పాదంలో రెండు, రెండో పాదంలో రెండు. ఇవి టకటకా వస్తాయి. మూడో పాదంలో ఒకటి, నాలుగో పాదంలో ఒకటి. అక్కడికి వచ్చేసరికి సమాసాలు పొడుగవుతాయి, అడుగు సాగుతుంది. ఆరు 'కాదు'ల తర్వాత పద్యం ఆఖరి మాట ఒక్కటే 'అవును': ఏనుగు ప్రాణం కాపాడాలన్న ఉబలాటం. అన్నీ మరిచినవాడికి ఆ ఒక్కటీ గుర్తుంది. ఆ మాటను కవి పద్యం కొసలో పెట్టాడు గాని మొదట్లో పెట్టలేదు. మొదట్లో పెట్టి ఉంటే మిగతాది జాబితా అయ్యేది.

ఈ పద్యం మీద ఒక చాటుకథ పల్లెల్లో చెప్పుకుంటారు. చరిత్రకు నిలుస్తుందా లేదా అన్నది అటుంచితే కథ బాగుంటుంది. శ్రీనాథుడు ఈ పద్యం విని 'ఏం బావా, ఆయుధాలు లేకుండా పోయి మొసలిని ఏం చేస్తాడు? తమాషా చూడటానికా?' అని వెక్కిరించాడట. పోతన అప్పటికి ఊరుకుని, తర్వాత శ్రీనాథుడు భోజనానికి కూచున్న వేళ బావిలో పెద్ద రాయి వేయించి, 'నీ కొడుకు బావిలో పడ్డాడు' అని కేక పెట్టాడట. శ్రీనాథుడు ఎంగిలిచేత్తోనే పరుగెత్తాడు. 'తాడు లేదు, నిచ్చెన లేదు, ఏం చేద్దామని వచ్చావు బావా?' అన్నాడట పోతన. శ్రీనాథుడికి ఇంత కథ కావలసి వచ్చింది గాని, ఆ ఆరు 'డు'లూ ఆగకుండా చదివినవాడికి సంగతి ముందే తెలిసిపోతుంది.

చెప్పిందే చెప్పడం

వచనంలో చెప్పిందే చెబితే విసుగు. పాటలో అదే ప్రాణం. సోమన వృషాధిప శతకంలో ప్రతి పద్యం చివరా బసవని పేరు మూడుమార్లు పిలుస్తాడు. వందకు పైగా పద్యాల్లో ఆ పిలుపు తిరిగి తిరిగి వస్తుంది. గుంపులో ఒకరు పద్యం చదివితే, పద్యం రానివారు కూడా ఆ మకుటం దగ్గర గొంతు కలపవచ్చు. ఆయన బసవోదాహరణంలో ఇంకొక వింత ఉంది. వ్యాకరణంలోని ఎనిమిది విభక్తులకు ఎనిమిది భాగాలు కట్టి, ఒక్కో భాగంలో ఒక్కో విభక్తినే తిప్పి తిప్పి పలికిస్తాడు. బడిలో డు, ము, వు, లు అని బట్టీపట్టే పాఠం ఇక్కడ స్తోత్రమైంది.

ఈ సూత్రాన్ని జనం కవుల కంటె ముందే కనిపెట్టారు. బతుకమ్మ పాటలో ముందు పాడే ఆమె సగం పాదం అంటుంది, 'ఉయ్యాలో' అని చుట్టూ ఉన్నవారంతా అందుకుంటారు. ఆ ఒక్క మాట నాలుగు పనులు చేస్తుంది. పాట రానివారికి చోటిస్తుంది. చప్పట్లను ఒక్క దెబ్బగా కలుపుతుంది. ముందు పాడే ఆమెకు తర్వాతి పాదం గుర్తు తెచ్చుకునే వ్యవధి ఇస్తుంది. కొత్త మాటలు పెట్టి కట్టుకోవడానికీ వీలిస్తుంది. భూపాలపల్లి బొగ్గుగనుల కాలనీల్లో ఊరూరి నుంచి వచ్చిన ఆడవాళ్లు ఒకచోట బతుకమ్మ ఆడగలుగుతున్నారంటే, పాటలు వేరైనా అందుకునే మాట ఒకటే కావడం వల్లనే.

ఒగ్గుకథలో వంతలవారిది ఇదే పని. ప్రధాన కథకుడు విడిచిన కొసను వారు అందుకుని తిప్పి చెబుతారు. దూరంగా కూచున్నవారికి రెండోసారి వినపడుతుంది. మైకులు లేని రోజుల్లో వంతే మైకు. జనగామ ప్రాంతపు మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య ఈ కళను ఢిల్లీ దాకా తీసుకుపోయి సంగీత నాటక అకాడమీ అవార్డు అందుకున్నారు. 2017లో కన్నుమూశారు. చిందు యక్షగానంలో ద్విపదలు, దరువులు పక్కపక్కనే నడుస్తాయి. ఆ కళకు జనగామ జిల్లాకే చెందిన గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది.

బిరుదు వచ్చిన వారిని పత్రికలు గుర్తు పెట్టుకుంటాయి. వంతలవారి పేర్లు ఎవరికీ తెలియవు. అయితే ఒక పాదం తప్పితే ముందుగా తెలిసేది వారికే. తాళం దాటిపోయిందని డోలు చెబుతుంది. బడిలో గణవిభజనకు పూర్తి మార్కులు తెచ్చుకున్న కుర్రవాడికి అది వినపడదు. అక్షరం రాని వంతగాడికి వినపడుతుంది. వీరిద్దరినీ ఒకచోట కూచోబెట్టే ఏర్పాటు ఏ బడిలోనూ కనపడదు. గ్రామాల్లో ఒగ్గు, చిందు మేళాలు ఉన్నాయి. బళ్లలో సోమన, పోతన పాఠాలు ఉన్నాయి. పిలిస్తే ఒక పూట వచ్చి ద్విపద ఎట్లా నడుస్తుందో పాడి వినిపించడానికి మేళానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఇంట్లో అమ్మమ్మకో, తాతయ్యకో పోతన పద్యం ఒకటి నోటికి వస్తే చెప్పించుకుని, నాలుగు పాదాల్లో రెండో అక్షరం ఏమిటో పిల్లలు రాసి చూడవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. రెండో అక్షరం కలిస్తేనే సరిపోదు, దాని ముందున్న మొదటి అక్షరం బరువు కూడా నాలుగు పాదాల్లో ఒకటే ఉండాలి. ఒక పాదంలో 'చెరువు' అని లఘువుతో ఎత్తుకుంటే, మరో పాదంలో 'చేరువ' అని గురువుతో ఎత్తుకోకూడదు. రెంటిలోనూ రకారమే ఉన్నా అది ప్రాస కిందికి రాదు.